దానంతట అదే తెరుచుకున్న కార్డు

కంప్యూటర్ ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు ఎక్కడైనా కనిపిస్తే నన్ను ఒకటే అడుగుతారు: "సార్, ఇంకా ఏం నేర్చుకోవాలి?" అని. ఇన్నాళ్లూ ఏదో ఒక కోర్సు పేరు చెప్పి పంపించేవాణ్ని. అది తప్పించుకునే జవాబు. నేర్చుకోవలసింది ఏ కోర్సులోనూ లేదు. నేను దాన్ని నేర్చుకున్న తీరు నలుగురిలో చెప్పుకోదగ్గది కాదు. ఇప్పుడు ఉద్యోగం లేదు, కాపాడుకోవలసిన కుర్చీ లేదు. అందుకని రాస్తున్నాను.

జేబుల్లో వచ్చిన కరువు

అనంతపురంలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో కంప్యూటర్లు చూసుకోవడం నా పని. పేరుకు పెద్ద హోదా ఉండేది గానీ, నిజానికి సగం రోజులు దుమ్ము దులపడంతోనే సరిపోయేది. ఎండాకాలంలో ఏ పెట్టె మూత విప్పినా లోపల ఎర్రటి దుమ్ము అంగుళం మందాన పేరుకుని ఉండేది. మిగతా సగం రోజులు పెన్ డ్రైవ్‌లతో గడిచేవి.

ఇప్పటి పిల్లలకు ఇది వింతగా ఉంటుంది. మండలాల్లో ఇంటర్నెట్ పేరుకే ఉన్న కాలం అది. ఎండిన చెనిక్కాయ (వేరుశనగ) పంట ఫొటోలు, అడుగంటిన బోర్ల ఫొటోలు, అన్నీ పెన్ డ్రైవ్‌లో వేసుకుని శింగనమల నుంచి, కళ్యాణదుర్గం నుంచి, ముదిగుబ్బ నుంచి సిబ్బంది బస్సెక్కి వచ్చేవాళ్లు. చొక్కా జేబులోంచి పెన్ డ్రైవ్ తీసి నా బల్ల మీద పెట్టేవాళ్లు. చెమటకు తడిసి ఉండేది. మా ఆఫీసుకు సంబంధించినంతవరకు జిల్లా కరువంతా అలా జేబుల్లోనే వచ్చేది.

పెన్ డ్రైవ్ గుచ్చినప్పుడు కంప్యూటర్ దాన్ని తనలో కలుపుకుని, లోపల ఏముందో మనకు చూపించే స్థితికి తెస్తుంది. దాన్ని మౌంట్ చేయడం అంటారు. మనిషి చెబితే చేసేది ఒక పద్ధతి. గుచ్చగానే దానంతట అదే చేసేయడం ఇంకో పద్ధతి. రెండోదాన్ని ఆటో మౌంట్ అంటారు. ఈ రెంటికీ మధ్య ఉన్న తేడా గురించే ఈ రాతంతా.

ఖాదర్ సార్ పద్ధతి

నాకు పని నేర్పినవాడు ఖాదర్ సార్. సన్నగా, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాతో ఉండేవాడు. ఆయన కంప్యూటర్‌లో ఏది గుచ్చినా ఏమీ జరిగేది కాదు. ఆయన నల్ల తెర మీద ఆదేశం టైపు చేయాలి. అప్పుడు కూడా ముందు చదవడానికి మాత్రమే తెరిచేవాడు, అందులో ఒక్క అక్షరం కూడా రాయడానికి వీల్లేకుండా. తర్వాత మొత్తానికి ఒక నకలు తీసేవాడు. పని అంతా ఆ నకలు మీదే.

ఒకసారి శింగనమల నుంచి వచ్చిన ఉద్యోగి బస్సుకు టైమవుతోందని కాలు గాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"ఏమి సార్, గుచ్చి తీసేదానికి ఇంతసేపా? మా పిల్లోడు ఇంట్లో రెండు నిమిషాల్లో తీస్తాడు."

"అయితే ఇంటికే ఎత్తుకపో నాయనా," అన్నాడు ఖాదర్ సార్, తల ఎత్తకుండానే. "బస్సు పోతే ఇంకో బస్సు వస్తాది. దీంట్లోది పోతే యాడినుంచి తెస్తావు?"

అతను పోయాక ఖాదర్ సార్ నాతో అన్న మాట గుర్తుంది. "చూసేది వేరు, ముట్టుకునేది వేరు. కంప్యూటర్‌కు ఆ తేడా తెలీదు. ఊరికే చూడమన్నా ఏదో ఒకటి రాసి పెడతాది. నువ్వే అడ్డం నిలబడాల."

ఆ మాట అక్షరాలా నిజం. ఆటో మౌంట్ అయినప్పుడు యంత్రం ఫైళ్ల పక్కన చిన్న చిన్న గుర్తులు రాస్తుంది, బొమ్మలకు చిన్న సైజు నకళ్లు తయారు చేస్తుంది, ఎక్కడైనా తేడా కనిపిస్తే అడగకుండానే సరిచేస్తుంది. మామూలుగా దానివల్ల నష్టం లేదు. చెరిపేసిన ఫైలును తిరిగి తీయాలన్నప్పుడు మాత్రం ప్రాణాంతకం. ఎందుకంటే చెరిపేసిన ఫైలు వెంటనే మాయం కాదు. అది ఉన్న జాగా ఖాళీ అని ఒక గుర్తు పడుతుంది, అంతే. ఆ జాగాలో ఇంకొకటి రాసేదాకా పాతది అక్కడే ఉంటుంది.

ఇదంతా నాకు తెలుసు. తెలియక చేసిన తప్పయితే ఇంత రాయవలసిన పని లేదు. ఖాదర్ సార్‌ను మాత్రం నేను చాదస్తుడని అనుకునేవాణ్ని. ఆయన రిటైరైన వారానికే ఆయన కంప్యూటర్‌కు ప్లాస్టిక్ కవరు తొడిగి మూలకు జరిపించాను.

దిష్టి మిషన్

తర్వాత ప్రభాకర్ సార్ వచ్చాడు. చెడ్డవాడు కాదు. పొద్దున అందరికంటే ముందు వచ్చేవాడు, కింది వాళ్ల జ్వరాలు, పెళ్లిళ్లు పట్టించుకునేవాడు. కానీ ఏ పని గురించైనా ఎంత తొందరగా అవుతుందని అడిగేవాడే తప్ప, ఎక్కడ చెడుతుందని అడిగేవాడు కాదు. అలాంటి అధికారి దగ్గర ఆ రెండో ప్రశ్న వేయడం మన పని. నేను వేయలేదు. ఆయన మెప్పు నాకు కావాలి.

ఆ రోజుల్లో పెన్ డ్రైవ్‌లన్నిటికీ ఒక వైరస్ పట్టుకుంది. ఫోల్డర్లు దాచేసి వాటి స్థానంలో దొంగ గుర్తులు పెట్టేది. కళ్యాణదుర్గం నుంచి వచ్చిన ఒక్క పెన్ డ్రైవ్‌తో మా ఆఫీసులో సగం కంప్యూటర్లు పడకేశాయి. ప్రభాకర్ సార్ నన్ను పిలిచాడు.

"చూడప్పా, వచ్చినోడికి నువ్వు చెప్పే పని ఉండకూడదు, వాడు అడిగే పని ఉండకూడదు. గుచ్చితే అయిపోవాల."

నేను ఒక స్క్రిప్టు, అంటే కంప్యూటర్ వరసగా చేసుకుపోయే ఆదేశాల జాబితా, రాశాను. ఏది గుచ్చినా దానంతట అదే మౌంట్ అవుతుంది. వైరస్ ఫైళ్లు తీసేస్తుంది, తేడాలు సరిచేస్తుంది, ఫొటోలను మా దగ్గరికి కాపీ చేసుకుంటుంది. ప్రభాకర్ సార్ ఇంకొకటి చేర్చమన్నాడు: తిరిగి పోయేటప్పుడు ప్రతి పెన్ డ్రైవ్‌లోకీ కొత్త నమూనా పత్రాలు, పంట ఫొటోలు ఎలా తీయాలో చెప్పే శిక్షణ వీడియోలు ఎక్కిపోవాలని. ఆ వీడియోల్లో గొంతు నాదే. అదీ చేర్చాను. అంతా అయ్యాక తెర పచ్చగా మారి "పని పూర్తయింది" అని కనిపించేది. తెలుగులో కనిపించేలా చేసినందుకు మీటింగులో నన్ను లేపి నిలబెట్టి చప్పట్లు కొట్టించారు.

మండలాల వాళ్లు ఆ కంప్యూటర్‌కు దిష్టి మిషన్ అని పేరు పెట్టారు. "అన్నా, కొంచెం దిష్టి తీయాల" అంటూ వచ్చేవాళ్లు. కొందరు సరదాకి పెన్ డ్రైవ్‌ను మూడుసార్లు తిప్పి గుచ్చేవాళ్లు.

మొదటి హెచ్చరిక చిన్నగా వచ్చింది. కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చే ఒక క్షేత్ర సహాయకుడి పెన్ డ్రైవ్‌లో వాళ్ల నాయన ఫొటోలు ఉండేవి. స్క్రిప్టు సరిచేయడంలో కొన్ని పోయాయి. అతను అడిగితే, "నీ డ్రైవు పాతదప్పా, ఇంగ ఎన్నాళ్లు పని చేస్తాది?" అన్నాను. అతను పాపం, నమ్మాడు. "అంతేలే సార్, మా నాయన మాదిరే" అని నవ్వి పోయాడు. అబద్ధం చెప్పడం ఎంత సులువో నాకు ఆ రోజు తెలిసింది. కంప్యూటర్ గురించి మనం ఏం చెప్పినా ఎదుటివాడికి ఎదురు ప్రశ్న వేసే వీలుండదు. ఈ వృత్తిలో మనకు దొరికే అధికారం అదే. అది చాలా మురికి అధికారం.

కంచె కింద గడ్డి

ముదిగుబ్బ దాటినాక ఒక పల్లె పక్కన సోలార్ ప్లాంటు ఉంది. వరుసగా కొన్నేళ్లు వానలు లేవు. ప్లాంటులో పలకల మీద దుమ్ము పోవడానికి నీళ్లతో కడిగేవాళ్లు. ఆ నీళ్లు కంచె కింద నుంచి బయటికి పారి, కంచె వెంబడి సన్నటి గీతలా గడ్డి మొలిచేది. చుట్టుపక్కల ఇంకెక్కడా పచ్చ కనిపించదు. గొర్రెల కాపరులు జీవాలను అక్కడికే తోలేవాళ్లు.

ఓబుళేసు అనే కాపరి అక్కడ కరెంటు తగిలి చనిపోయాడు. అతనితోపాటు రెండు గొర్రెలు. కంచె కోసి రాగి వైరు దొంగతనానికి లోపలికి వచ్చాడని ప్లాంటు వాళ్లు చెప్పారు. పోలీసులు వచ్చేసరికి శవం లోపల షెడ్డు దగ్గర ఉంది.

ఓబుళేసు భార్య రవణమ్మ, ఆమె తమ్ముడు శీనా నా దగ్గరికి వచ్చారు. మధ్యాహ్నం వేళ, ఆఫీసు నిండా జనం ఉన్నారు. శీనా జేబులోంచి సున్నం డబ్బీ తీశాడు. అందులో దూది మధ్య ఫోన్‌లోంచి తీసిన చిన్న మెమరీ కార్డు ఉంది.

"ఎస్సై సారు పంపినాడు సార్. చెరిపేసిన వీడియో మీరు పైకి తీస్తారంట గదా."

"ఎవరు చెరిపినారు?"

"ప్లాంటు సూపర్‌వైజరు. నేనే ముందు పోయినా సార్ ఆడికి. మా బావ కంచె ఇవతల పడిండాడు, గడ్డిలో. వైరు బయటికొచ్చి పడిండాది. ఫోన్లో తీసినా. వాళ్లు ఉరుక్కుంటా వచ్చి ఫోను గుంజుకొని చెరిపేసినారు. బతికిండాడేమో, లోపల మందు ఉండాది అని బావను ఎత్తుకొని పోయినారు. మల్ల చూస్తే లోపలే సచ్చినాడంటారు."

"ఫోను మల్ల వాడినావా?"

"లేదు సార్. సెల్ షాపాయప్ప చెప్పినాడు, కార్డు తీసి పెట్టుకో, దేంట్లోనూ వేయద్దని. అట్లే పెట్టినా."

అతను చేయవలసింది అంతా సరిగ్గా చేశాడు.

రవణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తెర వైపు చూస్తోంది. అప్పుడు అంది: "కంపెనీ వాళ్లు పరిహారం దుడ్లు ఇస్తే ఇయ్యనీ, లేకుంటే లేదు సార్. బడిలో మా పిల్లోళ్లను వైరు దొంగ పిల్లోళ్లంటాండారు. మా ఆయప్ప కంచె దాటలేదు. దొంగ కాదని ఒక్క మాట రాపియ్యండి సార్, చాలు."

ఎస్సై ఫోన్ చేశాడు. "చూడు సార్. వీడియో ఏదన్నా ఉందనిపిస్తే చెప్పు, సీలేసి ల్యాబుకు పంపుతా. లేదంటే నేను కేసు మూసేసుకుంటా."

నేను చెప్పవలసిన జవాబు ఒకటే. "నేను ముట్టుకోను, మీరే ల్యాబుకు పంపండి" అనాలి. అంతకుమించి ఏ తెలివీ అక్కర్లేదు. కానీ చుట్టూ నలుగురు ఉన్నారు. ఈ మాత్రానికి ల్యాబు ఎందుకు అనిపించింది. ఆ ఆడమనిషి ముందు ఇప్పుడే, ఇక్కడే తీసి చూపిస్తే ఎలా ఉంటుందో ఊహించుకున్నాను. ఆ ఊహలో ఓబుళేసు లేడు, నేనే ఉన్నాను.

పని పూర్తయింది

చిన్న కార్డులు గుచ్చే రీడర్ దిష్టి మిషన్‌కే తగిలించి ఉంది. ఖాదర్ సార్ కంప్యూటర్ మూలన పడి ఉంది. కవరు తీసి, వైర్లు కలిపి, ఆన్ చేయడానికి కాసేపు పడుతుంది.

దిష్టి మిషన్ సంగతి మరిచిపోయి గుచ్చానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. మరిచిపోలేదు. గుచ్చిన వెంటనే స్క్రిప్టు ఆపేయొచ్చులే అనుకున్నాను. కార్డు గుచ్చాను. అప్పుడే రవణమ్మ తూలినట్టు గోడ పట్టుకుంది. "కుర్చీ ఏయండప్పా ఎవరన్నా" అని అటు తిరిగాను. నీళ్లు తెప్పించాను. తిరిగి చూసేసరికి తెర పచ్చగా ఉంది. పని పూర్తయింది.

అయినా ఆశ చావలేదు. చెరిపేసిన ఫైళ్లను వెదికే ప్రోగ్రాం పెట్టాను. వీడియో దొరికింది. అంటే దాని చోటు దొరికింది: పేరులో మొదటి అక్షరం పోయి, మిగతాది స్పష్టంగా, తేదీ, సమయం, ఎంత పెద్ద ఫైలో, అన్నీ. ఓబుళేసు చనిపోయిన రోజే, ఆ పూటే. శీనా చెప్పినది చెప్పినట్టు.

"ఉండాదా సార్?" అన్నాడు శీనా, నా భుజం మీదుగా వంగి.

"ఉండు చూద్దాం."

చెవులకు ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఫైలు తెరిచాను. ముందు ఏమీ కనిపించలేదు, గీతలు గీతలుగా ఉంది. తర్వాత ఒక గొంతు వినిపించింది. నా గొంతే. "నమస్కారం. పొలం ఫొటో తీసేటప్పుడు హద్దు తప్పకుండా కనిపించేలా తీయండి. హద్దు కనిపించకపోతే ఆ ఫొటో పనికిరాదు."

మా శిక్షణ వీడియో ఆ జాగాలో ఎక్కి కూర్చుంది. ఓబుళేసు కంచెకు ఏ వైపు పడి ఉన్నాడో చూపించే బొమ్మ మీద నేను మాట్లాడుతున్నాను.

ఇంకా చాలాసేపు వెదికినట్టు నటించాను. నిజానికి ఆ సేపంతా ఏం చెప్పాలా అని ఆలోచించుకున్నాను. చివరికి ఇయర్‌ఫోన్ తీసి అన్నాను: "కార్డు ముందే చెడిపోయింది. దీంట్లో ఏమీ లేదప్పా."

"ఏమీ లేదా?"

"వీడియో తీసిన గుర్తు కూడా లేదు."

ఆ రెండో మాట ఎందుకు అన్నానో ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను. మొదటి అబద్ధంతో ఆగి ఉండొచ్చు. కానీ గుర్తు ఉందంటే మరి వీడియో ఏమైందని ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న ల్యాబు దాకా పోతే, దాని మీద ఏం ఎక్కిందో తెలుస్తుంది.

"నేను తీసినా సార్," అన్నాడు శీనా. "ఈ చేత్తోనే తీసినా."

"తీసినావనుకున్నావేమో. గాబరాలో బటన్ నొక్కింటావో లేదో."

రవణమ్మ నన్ను చూడలేదు. తమ్ముణ్ని చూసింది. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు. ఎస్సైకి ఫోన్‌లో అదే మాట చెప్పాను. ఒక వాక్యం రాసి సంతకం పెట్టి పంపమన్నాడు, పంపాను. కేసు మూసేశారు. దొంగతనానికి వచ్చి చనిపోయాడన్నదే కాగితాల్లో మిగిలింది.

ఆ సాయంత్రం స్క్రిప్టులోంచి మా వీడియోలు ఎక్కించే భాగం తీసేశాను. ఎందుకు తీశావని ప్రభాకర్ సార్ అడిగితే జాగా చాలడం లేదని చెప్పాను.

ముదిగుబ్బలో విన్నది

నా రిటైర్‌మెంట్‌కు ఏడాది ముందు ముదిగుబ్బ మండల ఆఫీసుకు వెళ్లాను. అటెండర్ సుంకన్నతో టీ తాగుతూ, ఏదో మాటల్లో వచ్చినట్టు ఆ పల్లె సంగతి, శీనా సంగతి కదిపాను.

"ఆ శీనాగాడా సార్? కంపెనీ దగ్గర దుడ్లు తీసుకొని వీడియో మింగేసినాడు. సొంత అక్క మొగునికే అట్ల చేసినాడు. ఆయమ్మ వాని మొగం చూడదు. వాడు ఊర్లో ఉండలేక బెంగుళూరికి పోయినాడు, బేల్దారి పనికి."

"దుడ్లు తీసుకున్నాడని ఎవరు చెప్పినారు?"

"ఎవరు చెప్పేదేముంది సార్? వీడియో తీసినా తీసినా అన్నాడు. మీ ఆఫీసులో చూస్తే తీయనే లేదంట. తీసిండేది నిజమైతే అమ్ముకున్నాడు, తీయలేదంటే అబద్ధాలోడు. ఏదైతేనేమి?"

టీ గ్లాసు బల్ల మీద పెట్టి లేచాను. అప్పుడైనా నేరుగా ఆ పల్లెకు పోయి ఉండవలసింది. పోలేదు. ఇంకో ఏడాది ఆగాను. పింఛను కాగితాలు అయిపోయేదాకా అని లోపల లెక్క వేసుకున్నాను. ఈ మాట రాయడం మిగతావాటన్నిటికంటే కష్టంగా ఉంది. ఎందుకంటే కార్డు పాడు చేయడంలో తొందర ఉంది, గర్వం ఉంది. ఈ ఏడాదిలో అవేమీ లేవు. తీరికగా కూర్చుని చేసిన తప్పు ఇది.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు

మీ సొంత కంప్యూటర్‌లో ఆటో మౌంట్ ఉంటే ఉండనీయండి. పదిమంది వస్తువులు వచ్చే కంప్యూటర్‌లో మాత్రం ఆపేయండి. ఎవరైనా ఏదైనా పోయిందని తెస్తే రాయడానికి వీల్లేకుండా తెరవండి, నకలు తీసి దానిమీద పని చేయండి. అది చేతకాకపోతే ముట్టుకోకండి. చేతకాదని చెప్పడానికి సిగ్గుపడే మనిషి ఈ ఉద్యోగానికి ప్రమాదం. పై అధికారి తొందర పెడితే ఎక్కడ చెడుతుందో ఆయనకు ఒకసారి గట్టిగా చెప్పండి. వినకపోతే కాగితం మీద పెట్టండి.

ఇవన్నీ ఎవరైనా నేర్పుతారు. నేర్పనిది ఒకటుంది. పాడు చేసిన గంటలోనే "నేను పాడు చేశాను" అని చెప్పేస్తే, పోయేది మీ పరువు ఒక్కటే. ఆ గంట దాటితే మీ తప్పు ఇంకొకరి పేరు మీదికి పోయి కూర్చుంటుంది. నా విషయంలో శీనా పేరు మీద కూర్చుంది. అతను దాన్ని మోసుకుని పరాయి ఊళ్లో ఇటుకలు పేరుస్తున్నాడు.

రొప్పం దగ్గర

రిటైరయ్యాక ముందు స్టేషన్‌కు పోయాను. మనుషుల ముందుకు పోవడం కంటే అది సులువు. పాత ఎస్సై బదిలీ అయిపోయాడు. కొత్తాయన నేను రాసిచ్చింది చదివి, "ఇప్పుడు దీన్ని ఏం చేసుకోమంటారు సార్?" అన్నాడు. వెటకారంగా కాదు, నిజంగానే అడిగాడు. తీసుకుని ఫైల్లో పెట్టాడు. ఇంతవరకు ఏమీ కాలేదు, అవుతుందని కూడా నేను అనుకోవడం లేదు.

అక్కణ్నుంచి ఆటోలో పల్లెకు పోయాను. రవణమ్మ ఇంటి పక్క రొప్పంలో, అంటే గొర్రెల దొడ్డిలో ఉంది, గొర్రె పిల్లలకు నీళ్లు పెడుతోంది. పదిహేను ఇరవై జీవాలు ఉన్నట్టున్నాయి. పక్కింటి ముసలాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను ఆమె గుర్తుపట్టలేదు. ఎవరో చెప్పాను. నిలబడే అంతా చెప్పాను: కార్డులో వీడియో ఉండిందని, దాన్ని మళ్లీ దొరక్కుండా చేసింది నా మిషన్ అని, గుర్తు కూడా లేదని నేను అబద్ధమాడానని.

ఆమె బకెట్ కింద పెట్టింది. ముసలాయనే ముందు మాట్లాడాడు.

"ఏమప్పా, అప్పుడు చెప్పకుండా ఇప్పుడొచ్చి చెప్తాండావే. పింఛను ఖాయం అయిందా?"

"అయింది."

"అట్ల చెప్పు." ఆయన పక్కకు ఉమ్మాడు.

రవణమ్మ అడిగింది. "కంచె ఇవతల ఉండాడా సార్, మా ఆయప్ప? నువ్వు చూసినావా?"

చూశానని చెప్పాలనిపించింది. అప్పుడు కూడా అబద్ధం నోటి దాకా వచ్చింది, ఈసారి దయలా వేషం వేసుకుని. "లేదమ్మా. బొమ్మ చూడలేదు. అది పోయింది. శీనా వీడియో తీసినాడన్నది మాత్రం చూసినా. ఆ పొద్దే, ఆ టైముకే తీసినాడు."

"వాడు దుడ్లు తీసుకోలేదా?"

"అమ్ముకునేదానికి ఏమీ మిగల్లేదమ్మా. వాడు అట్లే ఎత్తుకొచ్చి నా చేతికిచ్చినాడు."

"నేను వాణ్ని చెప్పుతో కొట్టినా సార్," అంది ఆమె. "పెద్ద కర్మ రోజు. అందరి ముందర."

ఆమె బకెట్‌ను కాలితో గొర్రె పిల్లల వైపు జరిపింది.

"ఈ మాట నాకు చెప్తే ఏమొస్తాది? వానికి చెప్పు." ముసలాయన వైపు తిరిగింది. "పెద్దనాయనా, వాని నెంబరు నీ ఫోన్లో ఉండాది గదా. కలుపు."

ముసలాయన ఫోన్ కలిపి నా చేతికిచ్చాడు. అవతల కాంక్రీటు కలిపే యంత్రం చప్పుడు, దాని మధ్య శీనా గొంతు. ఎవరో చెప్పాను. మళ్లీ మొదటి నుంచి అంతా చెప్పాను. అతను తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుండేది. యంత్రం చప్పుడు దూరమైంది, పక్కకు నడిచినట్టున్నాడు.

"సార్," అన్నాడు. "నువ్వు ఆ పొద్దు అన్నావు చూడు, బటన్ నొక్కింటావో లేదో అని. అప్పటి నుంచి నాకి గ్యాపకం లేదు సార్. నొక్కినానా లేదా, నొక్కినానా లేదా. చానా రోజులు అదే. మల్ల నాకే అనిపించింది, నొక్కిండను అని. అందరూ అంటాంటే నేనూ అదే అనుకున్యా."

"నొక్కినావప్పా," అన్నాను. "ఫైలు ఉండింది. నేను నా కండ్లతో చూసినా. నొక్కినావు."

ఇంకా దూరం నడిచినట్టున్నాడు, యంత్రం చప్పుడు పూర్తిగా ఆగింది. 

"అక్క ఉండాదా ఆడ?"

"ఉంది."

"ఇయ్యి."

రవణమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని ఫోన్ తీసుకుంది. నాకు వీపు తిప్పి నిలబడింది. అతను ఏం మాట్లాడుతున్నాడో నాకు తెలియదు. గొర్రె పిల్లలు ఆమె కాళ్లకు రాసుకుంటూ బకెట్‌లో మూతులు పెడుతున్నాయి. ఆమె చాలాసేపు ఊరికే ఊ కొట్టింది. చివరికి, చిన్న పిల్లవాడికి చెప్పినట్టు, నెమ్మదిగా ఒక్క మాటే అంది.

"నొక్కినావంటరా. ఈయప్ప చూసినాడంట. నొక్కినావంట."